కాకినాడలో దిగినవాళ్లు, సికింద్రాబాదులో ఉండిపోయినవాళ్లు

2019 నవంబరులో అమెరికా మెరీన్లు కాకినాడ తీరంలో దిగారు. వాట్సాప్ ఫార్వర్డ్ కాదు, నిజంగానే. విశాఖపట్నంలో మొదలై కాకినాడ దాకా సాగిన ఆ సంయుక్త విన్యాసాల పేరు టైగర్ ట్రయంఫ్. నవంబరు 13 నుంచి 21 దాకా మన మూడు దళాలూ, అమెరికా నేవీ, మెరీన్లూ కలిసి చేశారు. వాళ్లు యూఎస్ఎస్ జర్మన్‌టౌన్ అనే నౌకలో వచ్చారు, మన తరఫున ఐఎన్ఎస్ జలాశ్వ వెళ్లింది. (ఈ జలాశ్వ కూడా ఒకప్పుడు ట్రెంటన్ అనే అమెరికా నౌకే. 2007లో మన నేవీలో చేరింది.) అమెరికా వాళ్లే ఐదు వందల మందికి పైగా ఉన్నారు. తుపాను లాంటి విపత్తు వస్తే సముద్రం మీంచి సాయం ఎలా చేరవేయాలన్నది ప్రాక్టీసు. 2024లోనూ, 2025లోనూ మళ్లీ మన తీరంలోనే జరిగింది.

కొవ్వూరు నుంచి కాకినాడ ఓ రెండు గంటల ప్రయాణం. అంటే మా ఇంటికి అంత దగ్గర్లో ఇంకో దేశపు సైనికులు తమ యూనిఫాంలో, తమ వాహనాలతో ఒడ్డుకి వచ్చారన్నమాట. మరి ఆ తొమ్మిది రోజులూ "ఇండియాలో అమెరికా సైన్యం మోహరించి ఉంది" అనొచ్చా? అనం. ఎందుకు అనం అంటే మాత్రం చటుక్కున జవాబు రాదు. మా క్విజ్ బ్యాచ్‌లో ఒకసారి "అమెరికా సైన్యం ఎన్ని దేశాల్లో ఉంది?" అన్న ప్రశ్న మీద అరగంట గొడవైంది. ఒకడు ఎనభై అన్నాడు, ఇంకొకడు నూట యాభై దాటుతుందన్నాడు. తమాషా ఏమిటంటే ఇద్దరిదీ రైటే. స్థావరాలున్న దేశాలు లెక్కపెడితే సుమారు ఎనభై. రాయబార కార్యాలయాల దగ్గర కాపలా కాసే మెరీన్లనీ, అక్కడ ఆఫీసుల్లో పనిచేసే ఒకరిద్దరు సైనిక ఉద్యోగుల్నీ కూడా కలిపితే నూట యాభై దాటిపోతుంది.

మరి అసలు లెక్క ఎలా పెట్టాలి అని చదవడం మొదలుపెడితే నేను ఊహించని చోటికి వచ్చి పడ్డాను. మన గోదావరి జిల్లాలకే! ఎందుకంటే మన నేల ఒకప్పుడు ఎక్కడో కూర్చున్న పరాయి సైన్యానికి జీతం కింద పోయింది.

1751లో బుస్సీ అనే ఫ్రెంచి సేనాని, నిజాం గద్దె కోసం కొట్టుకుంటున్న వారసుల్లో ముజఫర్ జంగ్ పక్షాన పుదుచ్చేరి నుంచి బయల్దేరాడు. దారిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్ చనిపోయాడు. అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నిజాంని చేశారు. ఆ తర్వాత ఫ్రెంచి దళం వెనక్కి పోలేదు, కొత్త నిజాం దర్బారునే అంటిపెట్టుకుని ఉండిపోయింది. గద్దె నిలవాలంటే వాళ్లు కావాలి మరి. కానీ జీతాలో? రెండేళ్లు తిరిగేసరికి బకాయిలు పడ్డాయి. దర్బారులో ఫ్రెంచివాళ్లంటే పడనివాళ్లు కావాలనే డబ్బు ఆపారు కూడా. 1753లో బుస్సీ ఔరంగాబాదు వెళ్లి విషయం తేల్చుకున్నాడు. నెలనెలా అడుక్కునే పని లేకుండా, జీతాలకి సరిపడా ఆదాయం వచ్చే భూమే రాయించుకున్నాడు. ఆ భూమి కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు.

ఒకసారి ఊహించుకోండి. గోదావరి ఒడ్డున రైతు కట్టిన శిస్తు, హైదరాబాదులోనో ఔరంగాబాదులోనో ఉన్న ఫ్రెంచి పటాలం జీతం. సైన్యం అక్కడ, బరువు ఇక్కడ. బొబ్బిలి యుద్ధం మనందరికీ తెలుసు, సినిమాగానో బుర్రకథగానో. 1757 జనవరి 24. తాండ్ర పాపారాయుడు అందరికీ గుర్తుంటాడు. బుస్సీ అసలు బొబ్బిలి దాకా ఎందుకొచ్చాడన్నది మాత్రం తక్కువమంది అడుగుతారు. తన సైన్యానికి జీతంగా వచ్చిన ఇలాకాలో శిస్తు వసూలు చక్కబెట్టుకోవడానికి వచ్చాడు. విజయనగరం విజయరామరాజుకీ బొబ్బిలి రంగారావుకీ ఉన్న పాత పగ అందులో కలిసింది. జీతాల కోసం ఔరంగాబాదులో రాసిన కాగితం నాలుగేళ్లలో బొబ్బిలి కోటని బూడిద చేసింది.

మరుసటి ఏడాదే బుస్సీని పైనున్న లాలీ వెనక్కి పిలిచాడు. విజయరామరాజు వారసుడు ఆనందగజపతి, ఫ్రెంచివాళ్లని వదిలించుకోవాలని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. రాజమండ్రి చేజారింది. ఫోర్డ్ గోదావరి దాటి ఏలూరు మీదుగా వెళ్లి 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పట్టుకున్నాడు. ఒక పరాయి సైన్యాన్ని సాగనంపడానికి ఇంకో పరాయి సైన్యాన్ని పిలవడం అంటే ఇదే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఇప్పటి అంతర్జాతీయ చట్టంలో మొదట అడిగే ప్రశ్న "ఆ సైన్యాన్ని ఎవరు రమ్మన్నారు?" అని. సరే, ఆనందగజపతి రమ్మన్నాడు. కానీ రమ్మనే హక్కు అతనికి ఉందా? అతను పేరుకి నిజాం కింద జమీందారు. నిజాం పేరుకి ఢిల్లీ పాదుషా కింద సుబేదారు. క్లైవు ఈ గొలుసుని బాగా అర్థం చేసుకున్నాడు. 1765లో ఏకంగా పాదుషా దగ్గరే ఉత్తర సర్కార్లకి ఫర్మానా రాయించుకున్నాడు. నిజాం దానికి ఊరుకోకపోతే, 1766 నవంబరులో అతనితోనూ విడిగా ఒప్పందం కుదిరింది. సర్కార్లు కంపెనీకి, బదులుగా నిజాంకి ఏటా పేష్కష్, అవసరమైనప్పుడు సైనిక సాయం. అంటే మన జిల్లాలు రెండోసారి కూడా సైన్యం బేరంలోనే చేతులు మారాయి.

1766లో "అవసరమైనప్పుడు" అన్న మాట, 1798 సెప్టెంబరు 1 ఒప్పందంతో "ఎప్పటికీ" అయింది. ఆరు వేల మంది కంపెనీ సిపాయిలు శాశ్వతంగా నిజాం రాజ్యంలో ఉంటారు. ఖర్చు కింద నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు కట్టాలి. అప్పటిదాకా నిజాం కొలువులో ఉన్న, రేమండ్ తయారుచేసిన ఫ్రెంచి ఆఫీసర్ల పటాలాలు రద్దు. 1800లో కంపెనీ బలగం ఇంకా పెరిగింది, ఈసారి డబ్బు బదులు మళ్లీ భూమే. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన ప్రాంతం, అంటే బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో చాలా భాగం, కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చేసినవి కాబట్టి దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అన్న పేరు పెట్టుకునేదాకా సీమకి ఆ పేరే. కాబట్టి హాస్టల్లో "మా కోస్తా", "మా సీమ" అని వాదించుకునే మిత్రులారా, ఇద్దరం హైదరాబాదులో ఉన్న సైన్యాల జీతం బిల్లు కట్టినవాళ్లమే. మీది ఇంగ్లీషు బిల్లు, మాది ఫ్రెంచి బిల్లు, అంతే తేడా.

హుస్సేన్ సాగర్ అవతల ఆ సైన్యం విడిది చేసిన చోటికి 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. మనం గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి ఆటోవాడితో బేరమాడే సికింద్రాబాద్ అదే.

ఇది తేలికైన కేసు. జెండా కంపెనీది, ఒప్పందంలో సంఖ్య ఉంది, ఆజ్ఞ కంపెనీది. ఎవరు లెక్కపెట్టినా ఇది పరాయి సైన్యమే. దాని పక్కనే పెరిగిన రెండో సైన్యం సంగతి చూడండి. 1813 ప్రాంతంలో రెసిడెంటు హెన్రీ రసెల్ చొరవతో నిజాం సొంత సైన్యాన్ని "సంస్కరించారు". దానికి రసెల్ బ్రిగేడ్ అనే పేరు కూడా ఉండేది, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. కాగితం మీద అది నిజాం సైన్యం. జీతం నిజాం ఖజానాది. ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్లు. ఎక్కడికి కదలాలో చెప్పేది రెసిడెన్సీ. ఆ జీతాలు కట్టలేక నిజాం అప్పుల్లో కూరుకుపోయాడు. చివరికి 1853లో ఆ అప్పు కింద బేరార్‌ని కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. సొంత సైన్యానికి జీతాలివ్వడం కోసం రాజ్యంలో ముక్క పోగొట్టుకున్న రాజు!

క్విజ్‌లో "1850లో హైదరాబాద్ రాజ్యంలో విదేశీ సైన్యం ఎంత?" అని అడిగితే ఈ కంటింజెంట్‌ని ఏ గడిలో వేస్తారు? నన్నడిగితే అసలైన పరాయి సైన్యం ఇదే అంటాను. మొదటిదానికి ఒప్పందంలో ఒక హద్దు ఉంది, ఇంత మంది అని లెక్క ఉంది. రెండోది ఇంటివాడి చొక్కా వేసుకుని పొరుగువాడి మాట వింటుంది. జెండా చూసి లెక్కపెట్టేవాడికి అది కనపడదు. ఎవరు ఆజ్ఞ ఇస్తే కదులుతుందో చూసేవాడికే కనపడుతుంది.

దీనికి తలకిందుల కేసు మన పక్కనే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరి మనుషులు వెళ్లారు. ఇప్పటికీ దాదాపు ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు అది. ప్రపంచ యుద్ధాల కాలంలో విదేశాల్లో మన జిల్లా సైనికులు ఉన్నారు కానీ, అది మన సైన్యం కాదు. పంపింది మనం కాదు, వెనక్కి పిలిపించుకునే అధికారమూ మనది కాదు.

ఇప్పుడు 1947కి రండి. ఆగస్టు 14 రాత్రి సికింద్రాబాద్ కంటోన్మెంట్ బారకాసుల్లో పడుకున్న సిపాయి, 15 పొద్దున్నే లేచాడు. మంచం అదే, బారకాసు అదే, చెట్టు అదే. కానీ నిజాం అటు ఇండియాలోనూ ఇటు పాకిస్తాన్‌లోనూ చేరనన్నాడు. కాబట్టి నిజాం లెక్కలో ఆ సిపాయి అడుగు కదపకుండానే విదేశీ సైనికుడయ్యాడు. మా కొవ్వూరువాళ్లకి ఈ అనుభవం చిన్న మోతాదులో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఊరు అంగుళం కదలకుండా పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వెళ్లిపోయింది. గోదావరికి పడమటి ఒడ్డున గోష్పాద క్షేత్రం దగ్గర నిలబడి, "మాది తూర్పు గోదావరి" అని చెప్పడం ఇప్పటికీ నోటికి అలవాటు కాలేదు. మాకు మారింది అడ్రసులో ఒక మాట. ఆ సిపాయికి మారింది తను అక్కడ ఉండొచ్చా లేదా అన్న సంగతే.

1947 నవంబరు 29న ఇండియాకీ నిజాంకీ యథాతథ ఒప్పందం కుదిరింది. సికింద్రాబాద్‌లో ఉన్న భారత సైన్యాన్ని తీసేయాలన్న అవగాహన కూడా దాంతో పాటే వచ్చింది. 1948 మొదట్లో సైన్యం వెళ్లిపోయింది. 1798 నుంచి లెక్కేస్తే నూట యాభై ఏళ్ల విడిది ముగిసింది. నిండా ఏడాది కూడా కాలేదు, సెప్టెంబరు 13న భారత సైన్యం మళ్లీ వచ్చింది. ఈసారి షోలాపూర్ వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ, ట్యాంకులతో. ఐదు రోజుల్లో ముగిసింది. సైన్యం లోపల దాని పేరు ఆపరేషన్ పోలో. బయటికి చెప్పిన పేరు "పోలీసు చర్య".

ఈ పేరు ఊరికే పెట్టలేదు. పోలీసులు దేశం లోపలే పనిచేస్తారు. ఇంకో దేశంలోకి సైన్యం వెళ్తే అది యుద్ధమో ఆక్రమణో అవుతుంది, పోలీసు చర్య అవదు. నిజాం ప్రభుత్వం ఆగస్టులోనే భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఫిర్యాదు పంపడమే "మాది వేరే దేశం" అని వాదించడం. ఇటు "పోలీసు" అన్న ఒక్క మాట దానికి జవాబు. రజాకార్ల దెబ్బ తిన్న తెలంగాణ పల్లెలకి ఆ సైన్యం రావడం విడుదలే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ పేరు ఇంకో పని కూడా చేసింది. చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. యుద్ధం అని ఉంటే ఎంతమంది పోయారని జనం అడిగేవాళ్లు. పోలీసు చర్య అన్నాక ఆ ప్రశ్న అంత గట్టిగా వినపడలేదు.

ఇప్పటి నియమాలు కొంచెం స్పష్టంగా ఉన్నాయి. 1974లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దురాక్రమణకి నిర్వచనం రాసుకుంది, 3314వ తీర్మానం. అందులో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. ఇంటివాళ్లు రమ్మంటేనే వచ్చిన సైన్యం అయినా సరే, ఒప్పుకున్న షరతులు దాటినా, గడువు అయిపోయాక ఉండిపోయినా అది దురాక్రమణే. అంటే అనుమతి అన్నది ఒకసారి తీసుకుని జేబులో పెట్టుకునే టికెట్ కాదు. ఎంతమంది, ఏ పనికి, ఎన్నాళ్లు, వాళ్లలో ఒకడు జీపుతో ఎవర్నైనా గుద్దేస్తే కేసు ఏ కోర్టులో, ఇవన్నీ అందులో ఉంటాయి. కాకినాడలో దిగినవాళ్లని మోహరింపు అనకపోవడానికి కారణం ఇదే. రాకముందే వెళ్లే తేదీ తెలుసు, పని తెలుసు, ఎవరి మీదా నిఘా పెట్టడానికో ఏ ప్రాంతాన్నో పట్టుకోవడానికో రాలేదు. అయితే తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆస్ట్రేలియాలో డార్విన్ ఊళ్లో 2012 నుంచి అమెరికా మెరీన్లు విడతలవారీగా వస్తున్నారు, కొన్ని నెలలుండి వెళ్తున్నారు, మళ్లీ కొత్తవాళ్లు వస్తున్నారు. ఏ ఒక్కరూ శాశ్వతం కాదు. కానీ మెరీన్లు లేని ఏడాది అంటూ ఉండట్లేదు.

మన దేశం వైపు నుంచి చూస్తే ఇంజినీరింగు వాళ్లకి పనికొచ్చే కేసు మాల్దీవులు. 2023 నవంబరులో ముయిజ్జు అధ్యక్షుడయ్యాడు. భారత సైన్యాన్ని పంపించేస్తానన్నది అతని ఎన్నికల ప్రచారం. వినగానే ఏదో పెద్ద స్థావరం అనిపిస్తుంది. ఉన్నది రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం, వాటిని నడిపే, బాగుచేసే ఎనభై మంది అటూ ఇటూ సిబ్బంది. ఎక్కువ పని రోగుల్ని దీవి నుంచి దీవికి తరలించడం. చివరికి 2024 మే 10 లోపు సైనికులు వెళ్లిపోయారు. హెలికాప్టర్లు, విమానం మాత్రం అక్కడే ఉన్నాయి. వాళ్ల స్థానంలో హెచ్‌ఏఎల్ నుంచి సివిలియన్ సాంకేతిక సిబ్బంది వెళ్లారు. అదే మెషీను, అదే మెయింటెనెన్స్, అదే పేషెంటు. స్పానర్ పట్టుకున్న చెయ్యి యూనిఫాంలో ఉంటే సైన్యం, లేకపోతే కాదు! నవ్వొస్తుంది కానీ నాకు ఇది పూర్తిగా నాటకమనిపించదు. యూనిఫాంలో ఉన్నవాడికి రేపు వేరే ఆజ్ఞ రావచ్చు. హెచ్‌ఏఎల్ ఉద్యోగికి రాదు. చిన్న దేశం భయపడేది ఆ రేపటి గురించే. పైగా 1988 నవంబరు 3న తిరుగుబాటు జరిగినప్పుడు, అప్పటి అధ్యక్షుడు గయూమ్ పిలిస్తే మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి ఎగిరి ఆ రాత్రికల్లా అక్కడ దిగారు. ఎంత త్వరగా రాగలరో వాళ్లకి తెలుసు.

ఐక్యరాజ్యసమితి శాంతిసేన ఇంకో రకం. ఇండియా ఇప్పటిదాకా రెండు లక్షల మందికి పైగా పంపింది. జవాను మనవాడే, భుజం మీద మూడు రంగులు ఉంటాయి, తల మీద నీలం టోపీ. అక్కడ ఏం చేయాలో చెప్పేది ఐక్యరాజ్యసమితి కమాండరు. అందుకే కాంగోలోనో దక్షిణ సూడాన్‌లోనో మనవాళ్లున్నా, "కాంగోలో ఇండియా సైన్యం పెట్టింది" అని ఎవరూ అనరు. 2007లో లైబీరియాకి వెళ్లిన మహిళా దళం అయితే సీఆర్పీఎఫ్, సైన్యమే కాదు. భూటాన్‌లో 1960ల మొదటి నుంచీ ఉన్న మన సైనిక శిక్షణ బృందాన్ని మాత్రం శిక్షణ అన్న పేరు చూసి లెక్కలోంచి తీసేయలేం. అక్కడ ఉన్నది మన సైన్యమే, మన ఆజ్ఞలోనే.

పేరులో "శాంతి" ఉండి అన్ని లెక్కల్నీ తప్పించినది శ్రీలంక. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే మన శాంతి పరిరక్షణ దళం దిగడం మొదలైంది. అది ఐక్యరాజ్యసమితి దళం కాదు, నీలం టోపీ లేదు. పిలిచింది అక్కడి ప్రభుత్వం, పంపింది ఇక్కడి ప్రభుత్వం. అక్టోబరు వచ్చేసరికి అదే దళం జాఫ్నాలో ఎల్టీటీఈతో పూర్తిస్థాయి యుద్ధం చేస్తోంది. ఎవరి మధ్య శాంతి నిలపాలని వెళ్లారో వాళ్లలో ఒకరితో యుద్ధం. ఆ మధ్యలో నలిగింది అక్కడి తమిళ పల్లెలు. తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస, 1989 జులై 29కల్లా వెళ్లిపోవాలని గడువు పెట్టాడు. మన ప్రభుత్వం ఒప్పందంలోని మిగతా అంశాలు పూర్తి కావాలంది. గడువు దాటింది. 3314 తీర్మానంలో రాసుకున్న గీత దగ్గరికి మన సైన్యమే వచ్చి నిలబడింది. పిలిచినవాళ్లే పొమ్మంటున్నారు, వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. చర్చలయ్యాయి, విడతలవారీగా వెనక్కి రావడం మొదలైంది, చివరి దళం 1990 మార్చి 24న ఓడ ఎక్కింది. అప్పటికి మన జవాన్లు సుమారు 1,200 మంది చనిపోయారు.

ఎన్నో ఏళ్ల తర్వాత, 2008లో, కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో వాళ్ల పేర్లు చెక్కిన స్మారకం వెలిసింది. కట్టించింది శ్రీలంక ప్రభుత్వం.